మా బావ నమ్మిన డిఫర్

విమానాలు బాగుచేసే మా హాంగరులో అందరికీ ఒక్కడే బావ. నిజానికి ఆయన నాకొక్కడికే బావ, మా అక్క భర్త. నేను టూల్ స్టోరు కిటికీలోంచి "బావా, టార్క్ రెంచి ఇంకా తిరిగివ్వలేదు!" అని అరవడం విని ముందు రివిట్లు కొట్టేవాళ్ళు బావా అన్నారు, తర్వాత పెయింటువాళ్ళు అందుకున్నారు, ఆ తర్వాత నేల ఊడ్చే ఆవిడ. చివరికి మేనేజరు కూడా ఒక మీటింగులో నోరుజారి "బావగారేమంటారు?" అనేశాడు. ఇంతమంది బావమరుదులున్నా ఆయన ఎవరితోనూ ఒక్క వేళాకోళం ఆడేవాడు కాదు. బావ అన్నాక కాస్త సరసం ఉండాలి కదా, మా బావకు దేవుడు ఆ భాగం బిగించడం మరిచిపోయాడు.

ఆయనది పెద్ద చెక్ పని. విమానం కొన్నేళ్ళు ఎగిరాక దాన్ని హాంగరులోకి లాగి, జాకీల మీద లేపి, సీట్లు, నేల పలకలు, లోపలి గోడలు అన్నీ ఊడదీసి, అస్థిపంజరం బయటపడేదాకా విప్పుతారు. ప్రతి అతుకూ లైటు వేసి చూసి మళ్ళీ కడతారు. వారాల తరబడి సాగుతుంది. రెక్క ఒంటికి అతుక్కునే చోట, మనిషి సరిగ్గా పట్టని సందులో వెల్లకిలా పడుకుని చూడడం మా బావ వంతు. బయటికొచ్చేసరికి మోచేతులు దోక్కుపోయి, జుట్టంతా గ్రీజు పట్టి ఉండేది. అయినా చూడని బోల్టును చూశానని ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఇంట్లోనూ ఇదే గోల. మా అక్క టీలో పంచదార వేశానంటే ఆయన చెంచా పెట్టి అడుగుదాకా కలిపి చూసుకునేవాడు.

అలాంటి మనిషి ఒక్క మాటను మాత్రం తిప్పి చూడకుండా నమ్మాడు. ఆ మాట వల్లే ఇదంతా చెప్పాల్సి వస్తోంది.

మా యూనియనుకూ కంపెనీకీ ఉన్న కాంట్రాక్టు గడువు ముగిసేనాటికి మా మేనకోడలు పలక పట్టుకుని బడికి వెళ్ళేది. కొత్త కాంట్రాక్టు కోసం చర్చలు సాగుతూ సాగుతూ ఉండగానే అది ఆల్జీబ్రాకు వచ్చింది. పాత కాంట్రాక్టే నడుస్తున్నంతకాలం కంపెనీకి పోయేదేమీ లేదు, అందుకని వాళ్ళకు తొందరా లేదు. మాకు సమ్మె చేసే వీలు లేదు. చర్చలు విఫలమయ్యాయని ప్రభుత్వం పంపిన మధ్యవర్తి చెబితే తప్ప రెంచి కింద పెట్టకూడదని చట్టం. ఆ మధ్యవర్తి ఎప్పుడూ విఫలమయ్యాయనడు. "పురోగతి కనిపిస్తోంది" అంటాడు. ఆయన కళ్ళకు ఎక్కడ కనిపించేదో మాకు అర్థమయ్యేది కాదు.

చర్చలు ఒక హోటలు హాల్లో జరిగేవి. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, మనిషికొక నీళ్ళ సీసా. ఎండలో, తారు వేడిలో పనిచేసి వచ్చిన మావాళ్ళు ఆ ఏసీకి గజగజలాడుతూ కూర్చునేవాళ్ళు. అంతా ఒక కొలిక్కి వచ్చిందనుకునేసరికి కంపెనీ తరఫు పెద్దమనిషి బదిలీ అయ్యేవాడు. కొత్తాయన వచ్చి చిరునవ్వుతో "మొదటినుంచి చెప్పండి, నేను పూర్తిగా వింటాను" అనేవాడు. కథ మళ్ళీ మొదటికి. హాంగరులో ఎవరైనా "చర్చలు ఎందాకా వచ్చాయి?" అని అడిగితే "టీ దాకా వచ్చాయి" అని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆ నవ్వూ అరిగిపోయింది.

మా యూనియన్ అధ్యక్షుడు పాత ఇంజిన్ మెకానిక్కు, అందరం పెద్దాయన అంటాం. ఇంజిన్ల హోరులో బతికి బతికి ఆయనకు సగం వినికిడి పోయింది. కంపెనీవాళ్ళు చెప్పేవాటిలో సగమే వినపడే సుఖం ఆ హాల్లో ఆయనొక్కడికే ఉండేది. ఆ పెద్దాయనే మా బావను కమిటీలోకి లాగాడు. "నువ్వు ఉంటే హాంగరు నమ్ముతుందయ్యా" అన్నాడు. మా బావకు నలుగురిలో నోరు పెగలదు. అయినా ఒప్పుకున్నాడు, ఒకే ఒక్క అంశం కోసం. పెద్ద చెక్ పని ఈ హాంగరులోనే జరగాలి, బయటి కాంట్రాక్టరుకు ఇవ్వకూడదు. జీతం సంగతీ సెలవుల సంగతీ మిగతావాళ్ళకు వదిలేశాడు.

ఎందుకంత పట్టుదల అంటే వెనక జరిగింది చెప్పాలి. మా మేనకోడలు పాలుతాగే పిల్లగా ఉన్నప్పుడు హాంగరు పైకప్పు మార్చాలని పని ఆపేసి మా బావను దూరపు ఊరికి పంపారు. కప్పు మార్చడానికి ఏళ్ళు పట్టింది. అక్కడ ఒక గదిలో మెకానిక్కులంతా వంతులవారీగా పడుకునేవాళ్ళు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు వచ్చి అదే పక్కమీద వాలేవాడు, పరుపు చల్లారేది కాదు. సెలవు దొరికినప్పుడు ఇంటికొచ్చేవాడు. ఒకసారి అలా వచ్చి అన్నం ముందు కూర్చున్నాడో లేదో, పిల్ల మా అక్క కొంగు పట్టుకుని "అమ్మా, ఈయన ఎప్పుడెళ్ళిపోతాడు?" అంది. మేమంతా నవ్వేశాం. మా బావ కూడా నవ్వాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి తళతళలాడుతున్న స్కూటరునే తుడుస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

ఆ ఏళ్ళలోనే మా అక్క కుట్టుమిషను కొనుక్కుంది. మొదట వీధిలోవాళ్ళ జాకెట్లు, తర్వాత బడి యూనిఫారాలు, ఆ తర్వాత మెయిన్‌రోడ్డు మీద ఒక కొట్టు, చేతికింద ఇద్దరు ఆడపిల్లలు. కొలతలు తీసుకోకుండా మనిషిని చూసి గుడ్డ కత్తిరిస్తుందని పేరు తెచ్చుకుంది. మా బావ ఎట్టకేలకు ఈ ఊరికి తిరిగి వచ్చేసరికి తన ఇంట్లో గ్లాసులెక్కడుంటాయో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. పిల్ల ఆయన్ను నాన్నా అనడానికి ఇంకొంత కాలం పట్టింది. "ఇంక మిమ్మల్ని వదిలి ఉండను" అని ఆయన మాటిచ్చాడు. మా అక్క అది విని "ఇంకోసారి అంటే నావల్ల కూడా కాదండి" అంది. ఇదీ ఆయన పట్టుదల. పెద్ద చెక్ ఇక్కడ ఉంటే ఆయన ఇంట్లో ఉంటాడు, పోతే ఆయనా దాని వెనకే పోవాలి.

కమిటీలో ఆ అంశం మీద మా బావ బండరాయిలా కూర్చున్నాడు. "సాధ్యమైనంతవరకు ఇక్కడే చేయిస్తాం" అని కంపెనీ రాసుకొస్తే "సాధ్యమైనంతవరకు బిగించిన బోల్టున్న విమానం ఎక్కుతారా మీరు?" అని అడిగాడట. ఆయన జీవితంలో అన్న గడుసుమాట అదొక్కటే. పెద్దాయన హాంగరుకొచ్చి అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

చివరికి అన్నీ తేలాయి, ఆ ఒక్కటి తప్ప. రెండు పక్షాలూ విసిగిపోయి ఉన్నాయి. అప్పుడు కంపెనీ లాయరమ్మ, చిన్న వయసావిడ, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడుతుంది, "ఆ ఒక్క అంశాన్నీ డిఫర్ చేసి మిగతావాటి మీద సంతకాలు చేసేద్దామా?" అంది.

ఈ డిఫర్ అనే మాట మాకు రోజూ నోట్లో నానేదే. విమానంలో చదువుకునే లైటు వెలగదు, సామాను పెట్టే అర తలుపు సరిగా పడదు, దానికి కావలసిన భాగం నా స్టోరులో ఉండదు. అంతమాత్రానికి విమానాన్ని ఆపలేం. అప్పుడు డిఫర్ చేస్తాం. ఇప్పటికి ఎగరనిస్తాం గానీ, ఫలానా తేదీలోగా బాగుచేసి తీరాలని రాసి స్టిక్కరు అంటిస్తాం. ఆ తేదీ దాటిందా, లోపల మంత్రులు కూర్చుని కేకలు వేసినా విమానం అంగుళం కదలదు. గడువు లేని డిఫర్‌ను మాలో ఎవడూ కలలో కూడా చూసి ఉండడు. మా దృష్టిలో అది ఒట్టు పెట్టుకోవడమే.

కాబట్టి ఆ మాట వినగానే మా బావ భుజాలు దిగాయట. బల్లకు ఇవతల కూర్చున్నవాళ్ళంతా బతుకంతా రెంచి పట్టినవాళ్ళే. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలూపారు. పెద్దాయనకు కూడా ఆ మాట బ్రహ్మాండంగా వినపడింది. ఎప్పటిలోగా అని ఒక్కడూ అడగలేదు, నీళ్ళు తడిగా ఉంటాయా అని ఎవడైనా అడుగుతాడా?

మా బావ హాంగరులో పనిమెట్ల మీద నిలబడి "పెద్ద చెక్ అంశం డిఫర్ చేశారు" అని చెప్పాడు. నాతో సహా అందరం చప్పట్లు కొట్టాం. కంపెనీ దిగొచ్చిందనే అనుకున్నాం. మామూలుగా మీటింగు అయ్యీ అవగానే క్యారేజీలు విప్పుకునేవాళ్ళు కూడా ఆరోజు ఆయన చెయ్యి ఊపి ఊపి వదిలారు.

ఆ సాయంత్రం నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. మా అక్క గుండీలు కుడుతూ అంతా విని, తలెత్తకుండా "ఎప్పటిలోగా?" అంది.

"ఉంటుందిలే. డిఫర్ అంటేనే గడువుంటుంది" అన్నాడు మా బావ.

"ఎంత గడువండీ?"

"అది వాళ్ళు రాస్తారు."

"మా కొట్టుకొచ్చి తర్వాత చూద్దామన్నవాళ్ళెవరూ మళ్ళీ రాలేదండీ" అంది మా అక్క.

"ఇది గుడ్డల కొట్టు కాదక్కా, కాంట్రాక్టు" అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా. మా అక్క దారం కొరికింది.

కొత్త కాంట్రాక్టు మీద మా ఓట్లు పడ్డాయి, సంతకాలయ్యాయి. వానాకాలం గడిచీ గడవకముందే మేనేజరు మమ్మల్నందర్నీ పోగేసి, నేల చూపులు చూస్తూ, పెద్ద చెక్ పని మొత్తం వేరే ఊళ్ళో ఒక కాంట్రాక్టరుకు ఇచ్చేశారని చెప్పాడు. మా మెకానిక్కులు కొందరిని పనిమీద కన్నేసి ఉంచడానికి అక్కడికి పంపుతారట. వెళ్ళనివాళ్ళు మానుకోవచ్చట. మా బావ తొణకలేదు. "అలా కుదరదండీ. అది డిఫర్‌లో ఉంది" అన్నాడు, పిల్లాడికి లెక్క దిద్దుతున్నట్టు.

మర్నాడు నన్ను తోడు తీసుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. లాయరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించింది.

"ఆ అంశం డిఫర్‌లో ఉంది కదమ్మా. అది తేల్చకుండా పని బయటికెలా పంపుతారు?" అన్నాడు మా బావ.

"డిఫర్ చేశాం కాబట్టే పంపగలుగుతున్నామండీ. దాని మీద ఇప్పుడు ఏ ఒప్పందమూ లేదు. వచ్చే కాంట్రాక్టు చర్చల్లో మీరు మళ్ళీ పెట్టొచ్చు."

"మరి గడువు?"

"ఏ గడువండీ?"

"డిఫర్‌కు గడువుంటుంది కదా."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమోనని. ఎగతాళి చేయడం వస్తే మా బావకు ఈ గతి పట్టేది కాదు. "గడువు మీరెవరూ అడగలేదండీ" అంది మెల్లగా.

"అడగాలా?"

మా బావ ఆగి ఆగి చదువుకునే లైటు సంగతీ స్టిక్కరు సంగతీ చెప్పుకొచ్చాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. వింటున్నకొద్దీ ఆవిడ మొహం వాడిపోయింది. "మీరు అలా అనుకున్నారని నాకు తెలీదండీ. నిజంగా తెలీదు. మాలో డిఫర్ అంటే పక్కన పెట్టడమే" అంది.

నేను ఆవిడ అబద్ధమాడుతుందేమోనని కళ్ళల్లో వెతికాను. లేదు. మోసం చేసి ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి మిగిలేది. మా బావ లేచి, ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగకపోతే బావుండదని నిలబడే తాగి, గ్లాసు బల్లమీద పెట్టి వచ్చేశాడు.

యూనియను పోరాడకపోలేదు. మావాళ్ళు లేబరు ఆఫీసుకు కాళ్ళరిగేలా తిరిగారు. కాంట్రాక్టులో ఏముందో అదే చెల్లుతుంది, దాంట్లో గడువనే మాటే లేదు అని అక్కడివాళ్ళు తేల్చేశారు. పెద్దాయన రిటైరైపోయాడు. ఇక సమ్మె అంటారా, కొత్తగా సంతకాలు పెట్టిన కాంట్రాక్టు నడుస్తుండగా సమ్మె చేస్తే ఉద్యోగం ఊడుతుంది.

హాంగరులో మా బావను ఎవరూ పల్లెత్తు మాటనలేదు. తిట్టినా బావుండేది. ఒకరోజు రివిట్లు కొట్టేవాడొకడు ఆయన ఎదురుపడితే "నమస్తే సార్" అని పక్కకు తప్పుకున్నాడు. వారం తిరక్కముందే అందరూ సార్ అనేవాళ్ళే. ఆ పిలుపు వినపడినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, మేనేజరు వచ్చాడేమోనని. నాకు అప్పుడప్పుడూ ఆ రివిట్లవాడి నెత్తిన సుత్తి పెట్టి ఒక్కటివ్వాలనిపించేది. వాడూ ఇల్లు అమ్ముకునే పనిలో ఉన్నాడని తెలిసి ఊరుకున్నాను.

జాకీలను లారీల మీద ఎక్కించుకుపోయారు. నా స్టోరు గోడ మీద ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో తెలియడానికి నల్లరంగుతో వాటి ఆకారాలు గీసి ఉంటాయి. పనిముట్లు పోయి ఆకారాలే మిగిలాయి. నన్ను సరుకుల షెడ్డుకు మార్చారు. లెక్కచూసి ఇచ్చేవాడికి ఎక్కడైనా పనే. మా బావకు మాత్రం ఈ ఊళ్ళో విమానాల పని లేదు. పంతం కొద్దీ ఒక స్కూటర్ల షెడ్డుకు వెళ్ళి అడిగాడు. ఆ షెడ్డాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీలాంటివాళ్ళకు పని చెప్పడం నావల్ల కాదు సార్" అని దణ్ణం పెట్టి పంపించాడట.

చివరికి మా అక్కను అడిగాడు. కొట్లో, ఆడపిల్లలిద్దరూ ఇళ్ళకెళ్ళాక, నేను అక్కడే ఉన్నాను. "అందరం వెళ్దామా?" అన్నాడు.

మా అక్క మిషను ఆపింది. "వెళ్ళి నేనేం చెయ్యనండీ? ఈ కొట్టు నేను మొయ్యలేను కదా. పిల్లకు పెద్ద పరీక్షలు. అక్కడ మీరు పొద్దున పోయి సాయంత్రమొస్తారు, నేను నాలుగు గోడలు చూసుకుంటూ కూర్చోవాలి."

"మాటిచ్చాను కదా నీకు."

"మీరు తప్పారని ఎవరన్నారు? మీరు చెయ్యాల్సింది చేశారు." అక్క గొంతులో కోపం లేదు. కోపముంటే బతిమాలుకోవచ్చు. "మీరు లేకుండా ఉండడం నేను ఒకసారి నేర్చుకున్నానండీ. అది మర్చిపోవడానికి చాలా కష్టపడ్డాను. ఇప్పుడు మళ్ళీ నేర్చుకుంటాను, ఏం చేస్తాం? కానీ ఫలానా రోజుకొస్తానని లెక్కలు మాత్రం నాకు చెప్పకండి. వచ్చినప్పుడు చూద్దాం."

మా బావ తలూపాడు. ఆయన అక్కమీద అరిస్తే బావుండునని నాకనిపించింది, కాళ్ళమీద పడినా బావుండుననిపించింది. ఆయన చొక్కా జేబులోంచి కాగితం ముక్క తీశాడు. అవతలి ఊళ్ళో పాత మెకానిక్కొకడు చెప్పిన ఇంటి ఓనరు నంబరు. ఆయన చేతులు ఎప్పుడూ సందుల్లో దూరి గరుకెక్కి ఉంటాయి, ఫోను మీద వేలు సరిగా పడదు. నన్ను కలిపి పెట్టమన్నాడు. కలిపి స్పీకరు పెట్టి ఇచ్చాను.

అవతల ఎవరో పెద్దావిడ. గది ఉందంది. నీళ్ళు బాగా వస్తాయంది, మేడమీద గది, మెట్లు బయటినుంచే అంది. ఏం ఉద్యోగమని అడిగి, విమానాల మెకానిక్కంటే "అబ్బో" అంది. మా అక్క మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది, ఎవరిదో యూనిఫారం చేతులు కుడుతూ.

"అంతా బానే ఉంది గానీ బాబూ, ఒక్కటి చెప్పు" అంది ఆవిడ. "ఫ్యామిలీయా, బ్యాచిలరా?"

మిషను ఆగింది. మా బావ నావైపు చూడలేదు, మా అక్కవైపూ చూడలేదు. ఆవిడ అవతల "హలో, హలో" అంటోంది.

"బ్యాచిలరేనండీ" అన్నాడు.